నక్షలో చుక్కలు

మీ ఊరి గ్రామ నక్షను ఎప్పుడైనా ముందు పరుచుకుని చూశారా? సర్వే నంబర్ల హద్దుగీతల నడుమ జంట చుక్కల గీతలు వంకరటింకరగా పోతుంటాయి. అవి బండ్లబాటలు. ఒంటి చుక్కల గీతయితే కాలిబాట. పట్టాదారుల పేర్లు తరాల వెంట మారాయి. భూములు అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలయ్యాయి. రికార్డులు కాగితాల నుంచి కంప్యూటర్లకెక్కాయి. ఆ చుక్కలు మాత్రం గీసినచోటే ఉన్నాయి. మావైపు వాటిని నక్షబాటలంటారు. గెట్టు తగాదా వచ్చి పెద్దమనుషులు కూర్చుంటే మొదట తేల్చేది అదే: అది నక్షబాటనా, నడుమ వచ్చిన బాటనా?

కేసముద్రం చుట్టుపక్కల ఇలాంటి బాటల మీద నడవడం నాకు చాలా ఏళ్ల అలవాటు. నడవడంతో పాటు, చేతనైనంతలో వాటిని నడిచేందుకు వీలుగా ఉంచడం కూడా. ఈ రెండో పని గురించి రాయాలనే ఈ వారం కూర్చున్నాను. కొన్ని దేశాల్లో పట్టణాల చుట్టూ అడవినీ పొలాన్నీ నీటినీ కలుపుతూ పచ్చని దారులు ఏర్పాటు చేసుకుంటారు. అందుకోసం భూములు కొంటారు, ఒప్పందాలు రాసుకుంటారు, దశాబ్దాలు కష్టపడతారు. మనకు ఆ దారులు ముత్తాతల నాటి నుంచే ఉన్నాయి. దున్నకుండా వదిలేస్తే చాలు. ఇంకొన్నేళ్లు ఇలాగే పోతే వదిలేయడానికి కూడా ఏమీ మిగలదు.

ఊరు దాటి ఉత్తరాన గూడూరు వైపు పొండి. తారురోడ్డు మీద కాదు, దానికి ఎడంగా చెలకల్లోంచి. ఎర్రనేల. జొన్న, కంది, పెసర, అనుములు పండిన చెలకల్లో ఇప్పుడు ఎక్కువగా పత్తి, మక్క, మిర్చి. నీళ్లందిన చోటల్లా వరి. బాటకు రెండు పక్కలా గెట్లు. గెట్టంటే ఒట్టి మట్టి దిబ్బ అనుకునేవాళ్లు ఒక్కసారి ఆగి, వంగి చూడాలి. రేగు, పరికి, కలే, తంగేడు పొదలు, వాటిని అల్లుకున్న తీగలు. నడుమ నడుమ వేప, కానుగ, ఈత, వరసగా తాళ్లు. పొదల కింద కౌజులు, ముంగిసలు, తొండలు. కరెంటు తీగ మీద పాలపిట్ట. తాటిమట్టలకు వేలాడే గిజిగాడి గూళ్లు. చేనంతా మందు కొట్టిన వారం, తేనెటీగకూ, పంటను తినే పురుగును పట్టి తినే పురుగుకూ తలదాచుకునే చోటు ఆ గెట్టు ఒక్కటే.

చెలకలు దాటితే చెరువుకట్ట. ఇది కాకతీయులు చెరువులు తవ్వించిన నేల. మొదటి ప్రోలరాజు తన బిరుదు మీద కేసరి తటాకం తవ్వించాడని చరిత్రకారులు రాశారు. గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారం చెరువు కట్టించి శాసనం వేయించింది. 1213లో జగదల ముమ్మడి పాఖాల చెరువు కట్టించాడు. మనం చెరువు విస్తీర్ణం గురించీ, ఆయకట్టు గురించీ మాట్లాడుకుంటాం గానీ కట్ట మీది బాటను లెక్కలోకి తీసుకోం. చెరువును ఇన్ని వందల ఏళ్లు కాపాడినవాటిలో ఆ బాట ఒకటి. నీరటికాడు పొద్దున్నే తూము దాకా నడిచేవాడు. కట్టకు నెర్రె ఎక్కడ పడింది, ఎలుక బొరియ ఎక్కడుంది, మత్తడి రాయి ఎక్కడ కదిలింది అన్నది నడిచేవాడికే ముందు తెలుస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో వేల చెరువుల పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. మంచి పని. కానీ కట్ట మీద రోజూ తిరిగే మనిషి లేని చెరువుకు ఎన్నిసార్లు మరమ్మతు చేసినా మళ్లీ మొదటికే వస్తుంది. కొన్ని కట్టల మీద ఇప్పుడు సర్కారు తుమ్మ ఎంత దట్టంగా కమ్ముకుందంటే గొర్లు కూడా ఇటు నుంచి అటు దాటలేవు.

కట్ట దిగి ఇంకా పోతే అర్పనపల్లి దగ్గర వట్టివాగు. వాన గట్టిగా పడితే రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తుంది. ఎండాకాలం ఇసుకలో చెలిమె తీస్తే నీరూరుతుంది. వాగు ఆవలి నుంచి నేల తీరు మారుతుంది. గూడూరు అడవి వచ్చేస్తుంది. ఆ అడవి కొత్తగూడ, గంగారం మీదుగా పాఖాల అభయారణ్యంలో కలుస్తుంది. 1952లో ప్రకటించిన ఆ అభయారణ్యం 860 చదరపు కిలోమీటర్లు. పాఖాల చెరువు దగ్గర పుట్టే మున్నేరు ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. అంటే మా చెలక గెట్టు మీద పడిన చినుకు గురించి మాట్లాడితే, ఇంకో జిల్లాలో ఏటి ఒడ్డున ఉన్నవాళ్ల గురించి కూడా మాట్లాడినట్టే.

2024 సెప్టెంబర్ 1 ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. చెరువులు అలుగులు దుంకి, ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలుపట్టాల కింది కంకర మొత్తం కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడాయి. 1889లో బెజవాడ దాకా పూర్తయిన నిజాం కాలపు లైను అది, ఉత్తరాదిని దక్షిణాదిని కలిపే దారి. కొన్ని రోజులు ఆ దారిలో రైళ్లు నడవలేదు. అదే రోజు మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. దానికి ముందురోజే తాడ్వాయి అడవిలో వీచిన సుడిగాలికి దాదాపు 50 వేల చెట్లు కూలిపోయాయి. అంతటి వానను ఏ గెట్టూ ఆపలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వరద తీశాక చెలకల్లో తిరిగి చూసినవాళ్లకు ఒక తేడా కనిపించింది. ఒర్రె తన దారిలో పోగలిగిన చోట, గెట్టు మీద పొదలు, గడ్డి ఉన్న చోట మట్టి చాలామేరకు నిలిచింది. ఒర్రెను పూడ్చి చేనులో కలుపుకున్న చోట, గెట్టును బోడిగా చెక్కేసిన చోట నీళ్లు పైమట్టిని తోడుకుపోయి గులకరాళ్లు మిగిల్చాయి. పాతకాలపు బండ్లబాటలు చాలావరకు ఒర్రెల పక్కనే పోతాయి. బాటను మింగితే ఒర్రె ఇరుకవుతుంది. ఒర్రె ఇరుకైతే చేను కోసుకుపోతుంది.

బాట ఎలా మాయమవుతుందో చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఒక్కరోజులో ఎవరూ మింగరు. ఏడాదికో సాలు. ఈ ఏడు ట్రాక్టర్ నాగలి ఒక సాలు లోపలికి పోతుంది, వచ్చే ఏడు ఇంకో సాలు. ఇటు ఆయన, అటు ఈయన. ఎదురుబొదురుగా రెండు బండ్లు తప్పుకున్న బాట మీద కొన్నాళ్లకు ఒక్క బైకు కూడా పట్టదు. ఇందులో రైతుకు మిగిలేది కూడా ఏమీ లేదు. వరికోత మిషన్‌కు పాత ఎడ్లబండి కన్నా ఎక్కువ వెడల్పు కావాలి. బాట పోయాక కోతల కాలంలో ఆ మిషన్ లోపలి మడి దాకా పోలేదు. పక్కవాళ్ల చేను కోసేదాకా ఆగాలి, లేదా వాళ్లను బతిమాలి తొక్కుడు పరిహారం ఇచ్చి తీసుకుపోవాలి. ఆ లోపు వాన వస్తే వరి పడిపోతుంది. బాటలు కాపాడాలని నేను రైతుల దగ్గరికి పోయినప్పుడల్లా పిట్టలు, పూలతో మొదలుపెట్టను. మిషన్‌తో మొదలుపెడతాను. మాట అక్కడ కలిసిన తర్వాతే మిగతావి.

గొర్లకాపరుల కష్టం ఇంకొకటి. మందను రోడ్డు మీద తోలితే లారీల భయం, చేన్ల మీదుగా తోలితే తగాదా. వాళ్లకు మిగిలింది బాట ఒక్కటే, అదీ సగమైంది. ఎండాకాలం చేన్లల్లో మంద పెట్టించుకుంటే గొర్ల ఎరువు నేలకు ఎంత బలమో మా రైతులకు చెప్పాల్సిన పని లేదు. ఆ మంద చేను దాకా రావాలంటే దారి ఉండాలి.

ఇక బతుకమ్మ. పెత్రమాస నుంచి సద్దుల దాకా ఆడపిల్లలు బుట్టలు పట్టుకుని పోయేది ఈ గెట్ల మీదికే. తంగేడు, గునుగు, కట్ల ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. దున్నని చోట అవే వస్తాయి. గునుగు కోసం ఇప్పుడు చాలా దూరం పోవాల్సి వస్తోంది, లేదా బజారులో కట్టలు కొనాల్సి వస్తోంది. గెట్టు మీద గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక వచ్చిన మార్పు ఇది. కూలీలు దొరక్క, కొడవలితో కోయించే స్థోమత లేక మందు కొడుతున్నారు, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. కానీ మందు కొట్టిన గెట్టు మీద గునుగుతో పాటు బర్రెకు వేసే పచ్చగడ్డి కూడా పోతుంది, వేర్లు చచ్చి గెట్టు వదులవుతుంది. పువ్వునే దేవతగా పేర్చి ఆడే పండుగ మనది. ఆ పువ్వు మొలిచే మూరెడు నేలకు మందు కొట్టకుండా ఉండలేమా అని నేను గట్టిగానే అడుగుతాను. తండాల్లో శ్రావణంలో తీజ్ చేసే లంబాడా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. పుట్టమన్ను తెచ్చేది ఈ గెట్ల మీది నుంచే, తొమ్మిదో రోజు నిమజ్జనానికి పాడుకుంటూ పోయేది ఈ బాటల వెంటే.

బాటలు బాగుచేయడం నేర్చుకోవాల్సిన పనే. ముందు కాలం చూసుకోవాలి. వానలు మొదలైతే పొదల్లో పిట్టలు గూళ్లు పెడతాయి, పాములు తిరుగుతాయి. అందుకే చైత్ర వైశాఖాల్లో, పొద్దున్నే చల్లపూట చేయాలి. కొడవలి, చిన్న గొడ్డలి, మందపాటి చెప్పులు, తలకు తువ్వాల. పొదను మొదలంటా నరకొద్దు. బాటలోకి వంగిన కొమ్మనే కొట్టాలి. రేగు, కలే, పరికి కొమ్మలు కొట్టినా మళ్లీ చిగురిస్తాయి, గెట్టును పట్టుకునే ఉంటాయి. సర్కారు తుమ్మ విషయం వేరు. దాన్ని పైపైన కొడితే ఇంకా గుబురవుతుంది, వేరు మొదలు తవ్వి తీయాల్సిందే. తీసినచోట ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. ఆ గుంతలోనే కానుగ గింజో, నేరేడు గింజో వేయాలి. బాట మీద నీళ్లు నిలిచే చోట మట్టి పోసి ఎత్తు చేయడం కన్నా, నీళ్లు ఒర్రెలోకి దిగేలా అడ్డంగా చిన్న కాలువ గీయడం మేలు. ఇవన్నీ నాకు చెప్పింది పుస్తకాలు కాదు, గీసకత్తితో తాళ్ల కింద తిరిగే గౌండ్లవాళ్లు, మేకలు కాసేవాళ్లు.

నడిచేవాళ్లకూ కొన్ని పద్ధతులుండాలి. మందు కొట్టిన రోజు ఆ చేను పక్క నుంచి పోవద్దు. మిర్చి ఏరేటప్పుడు కూలీల వరసలకు అడ్డం రావద్దు. కళ్లంలో ఆరబోసిన మిర్చి పక్కన దుమ్ము లేపుకుంటూ బండ్లు నడపొద్దు. మా పంట విలువ చిన్నది కాదు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చెట్టు కింది పండు కనిపించినా, చేను ఎవరిదైతే వాళ్లనే అడగాలి. అడిగితే లేదనే రైతును మావైపు నేను చూడలేదు. ఒక దోసిట్లో పల్లికాయ, ఒక మక్కకంకి చేతిలో పెట్టి పంపిస్తారు.

ఈ బాటల మీద ఏడాదంతా చూడాల్సినవి ఉంటాయి. మాఘం ఫాల్గుణాల్లో ఆకు రాల్చిన మోదుగులు ఒళ్లంతా పూస్తాయి. ఆ తర్వాత ఇప్పపూల వాసన తెల్లవారుజామున వాగు దాకా వస్తుంది. ఎండలు ముదిరితే తునికిపండ్లు, తాటిముంజలు. తొలకరికి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు. దసరాకు పాలపిట్ట, సీతాఫలాలు. చలికాలం చెరువు కట్ట మీద కూర్చుంటే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నీటిపక్షులు. పిల్లలను ఇటు తీసుకురావాలని నేను బడిపంతుళ్ల వెంటపడేది అందుకే. చూసి సంబరపడ్డ పిల్ల పెద్దయ్యాక ఆ బాటను దున్ననివ్వదు. కాపలాకు ఇంతకన్నా గట్టి ఏర్పాటు నాకు తెలియదు.

అడవిలోకి పోయేటప్పుడు మాత్రం మనం అందరికన్నా వెనక నిలబడాలి. అక్కడి బాటలు మొదట కోయలవి, లంబాడాలవి. తునికాకు, ఇప్పపువ్వు, కట్టెపుల్ల కోసం తెల్లవారకముందే నడిచే ఆడవాళ్లవి. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ల హక్కులను గుర్తించింది, అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2023లో రాష్ట్రంలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. పోడు వల్లే అడవి పోయిందని పట్టణాల్లో తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట నాకు నచ్చదు. పట్టా అందిన రైతుకూ మిగిలిన అడవికీ నడుమ బాట, వాగు, గెట్టు ఎక్కడుండాలో గ్రామసభలో కూర్చుని తేల్చుకోవాలి. అది ఇంకా జరగాల్సిన పని. సీతానగరం దగ్గర భీముని పాదం జలపాతానికి వానాకాలం ఎంతోమంది వస్తారు. అక్కడ వదిలేసిన ప్లాస్టిక్ ప్లేట్లు, సీసా పెంకులు ఎత్తేది ఎవరో వచ్చినవాళ్లు ఆలోచించాలి.

పెద్ద జంతువులకూ ఈ పచ్చని పట్టీలే దారులు. గోదావరి దాటి వచ్చిన పులి ఏటూరునాగారం, పాఖాల, కిన్నెరసాని అడవుల మధ్య తిరగాలంటే ఎక్కడా తెగని అడవి ఉండాలి. 2024 డిసెంబరులో నల్లబెల్లి, నర్సంపేట వైపు పొలాల్లో పులి పాదముద్రలు కనిపించినప్పుడు జనం వణికిపోయారు, అందులో తప్పులేదు. అడవికీ అడవికీ మధ్య దారి ఇరుకైతే పులి మన పత్తి చేను పక్క నుంచే పోతుంది.

కోతుల సంగతి కూడా చెప్పాలి. పల్లికాయ, కూరగాయలు వేయడం చాలామంది మానుకున్నారు. అడవిలో పండ్లచెట్లు తగ్గాయి, రోడ్ల వెంట తిండి దొరుకుతోంది, కోతులు ఊళ్లకే మరిగాయి. 2015 జూలైలో మొదలైన హరితహారం పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్న లక్ష్యంతో సాగింది. ఊరికో నర్సరీ వచ్చింది, పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. నీడ పెరిగింది, నేను కాదనను. కానీ తొందరగా పచ్చగా కనబడాలని కోనోకార్పస్ వంటివి నాటిన చోట పిట్టకు పండు లేదు, మేకకు ఆకు లేదు. బాట వెంట నాటాల్సినవి మన అడవిలోనే ఉన్నాయి: ఇప్ప, నేరేడు, మేడి, వెలగ, చింత, రావి, మర్రి. ఎదగడానికి ఆలస్యమవుతుంది. మనుమల కోసం నాటే అలవాటు ఈ నేలకు కొత్తదేమీ కాదు.

మళ్లీ బాటల మాటకొస్తే, ఇంగ్లండులో 1932లో కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి వందలమంది కూలీనాలీ జనం, జమీందార్ల కాపలావాళ్లు అడ్డుపడినా, నడిచి ఎక్కారు. కొందరు జైలుకు కూడా పోయారు. 1949లో వచ్చిన చట్టం ప్రతి కాలిబాటనూ అధికారికంగా మ్యాపుకెక్కించాలని స్థానిక సంస్థలను ఆదేశించింది. మ్యాపుకెక్కిన బాట మీద ఎవరైనా నడవొచ్చు, అది ఎవరి పొలంలోంచి పోయినా సరే. వాళ్లు అంత పోరాడి సాధించుకున్న మ్యాపు మన తహసీల్దార్ ఆఫీసు బీరువాలో మడతపెట్టి ఉంది.

ఇదంతా ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2025లో కేసముద్రం మున్సిపాలిటీ అయింది. పట్టణమయ్యాక వెంచర్లు వస్తాయి, ప్లాట్లు వస్తాయి, చెలకలు గజాల లెక్కకు మారతాయి. దాన్ని ఆపాలని నేననను. ఊరు పెరగాలి, పిల్లలకు పనులు దొరకాలి. కానీ మాస్టర్‌ప్లాన్ గీసేటప్పుడు కొత్త రోడ్లతో పాటు పాత నక్షబాటలను, ఒర్రెలను, చెరువు శిఖాన్ని, నిండుమట్టం చుట్టూ వదలాల్సిన జాగాను ముందుగా గుర్తించాలి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి. పట్టణంలోనూ చెరువును కాపాడుకోవచ్చు: అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, హైదరాబాద్ పక్కనే, ఇళ్ల మధ్యలో. భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు నక్ష జతచేసే ఏర్పాటు ఉంది. కొనేవాళ్లు ఆ నక్షలో బాట ఉందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.

మాస్టర్‌ప్లాన్ ముసాయిదా బయటికి వచ్చాక అభ్యంతరాలకు గడువిస్తారు. ఆ గడువు మొదలయ్యే నాటికే మన దగ్గర బాటల జాబితా తయారుగా ఉండాలి. అందుకు నక్ష నకలు తీసుకుని, వార్డుకు కొందరం కలిసి, ప్రతి బాటనూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి. ఎక్కడ ఉంది, ఎక్కడ ఇరుకైంది, ఎక్కడ మాయమైంది రాసుకోవాలి, ఫోటో తీసుకోవాలి. పాత మస్కూరి, నీరటికాడు, గొర్లకాపరులు వెంట ఉంటే హద్దురాయి ఎక్కడ పాతారో వాళ్లే చూపిస్తారు. పక్క చేన్ల రైతులను ముందు రోజే పలకరించి, వాళ్లు కూడా ఉండగానే కొలవాలి. లేకపోతే కొలత మీద మళ్లీ తగాదా వస్తుంది. మిర్చి ఏరడం అయిపోయి, తొలకరి దుక్కులు మొదలుకాకముందు చేన్లు ఖాళీగా ఉండే రోజులు ఈ పనికి అనుకూలం. నక్ష నకలుకు దరఖాస్తు నేను పెడుతున్నాను. కలిసి నడుస్తామనేవాళ్లు ఏ వార్డు వైపు వస్తారో చెబితే, ఆ షీట్లు కూడా కలిపే అడుగుతాను.